పిల్లలు, అమ్మానాన్నలతో మొదటి స్కీ ట్రిప్: పెద్ద రిసార్టా, చిన్న ఊరా?

మీ ప్రశ్న చదివానండి. జూరిక్‌లో ఉంటున్నారు, పిల్లలకి ఆరేళ్ళు, తొమ్మిదేళ్ళు, ఇంట్లో ఎవ్వరూ ఇంతవరకు స్కీలు తొడిగింది లేదు, ఫిబ్రవరి స్పోర్ట్‌ఫెరియన్‌కి (బడి చలికాలం సెలవులకి) విజయవాడ నుంచి మీ అమ్మానాన్న కూడా వస్తున్నారు, ఆఫీసులో అందరూ పేరున్న పెద్ద రిసార్ట్ జెర్మాట్ అంటున్నారు, మీకేమో రద్దీ లేని చిన్న ఊరు కావాలి. మేమూ ఇలాగే పెద్దవాళ్ళతో, పిల్లలతో కలిసే మొదలుపెట్టాం, స్విట్జర్లాండ్ దక్షిణాన వాలిస్ రాష్ట్రంలో ఉన్న బెట్మెరాల్ప్ అనే చిన్న ఊరికి వెళ్ళాం, ఇప్పటికీ స్కీ అంటే ముందు అక్కడికే చూస్తాం, కాబట్టి దాని గురించే చెప్తాను.

ముందుగా ఒక్క మాట. రిసార్టుల వెబ్‌సైట్లు అన్నీ మా దగ్గర ఇన్ని కిలోమీటర్ల పిస్టులు (స్కీ చేసే దారులు) అని చెప్తాయి, కొత్తవాళ్ళకి ఆ నంబర్‌తో అసలు పనే లేదు. మీరు చూడాల్సింది మంచం దిగి బేబీ స్లోప్ (కొత్తవాళ్ళు నేర్చుకునే చిన్న వాలు) దాకా ఎంత దూరం, మధ్యలో బస్సు ఎక్కాలా, లిఫ్ట్ ఎక్కాలా అన్నది. ఆరేళ్ళ పాపకి పొద్దున్నే థర్మల్స్ వేసి, దానిమీద స్కీ ప్యాంటు వేసి, హెల్మెట్ పెట్టి, అంతా అయ్యాక బాత్రూమ్ అంటుంది, మళ్ళీ అన్నీ విప్పాలి, ఇంత చేశాక కిక్కిరిసిన బస్సులో స్కీలు పట్టుకుని నిలబడాలంటే పదింటికి క్లాసు మొదలయ్యే లోపే అందరి ఓపికా అయిపోతుంది. బెట్మెరాల్ప్‌లో చాలా ఫ్లాట్ల నుంచి స్కీ స్కూల్‌కి నడిచే వెళ్ళొచ్చు, వీధుల మీదే మంచు ఉంటుంది, కార్లు ఉండవు, రెండో మూడో రోజుకల్లా తొమ్మిదేళ్ళవాడు వాడంతట వాడే వెళ్ళొస్తానంటాడు.

కార్లు ఎందుకు లేవంటే ఊళ్ళోకి మామూలు రోడ్డే లేదు. సుమారు 1950 మీటర్ల ఎత్తులో, ఎండ బాగా పడే ఒక మెట్ట మీద ఉంటుంది ఊరు, కింద రోన్ లోయలోని బెటెన్ టాల్‌స్టాట్సియోన్ నుంచి కేబుల్ కార్‌లో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. జూరిక్ నుంచి బ్రిగ్‌కి డైరెక్ట్ ట్రైన్ ఉంది, లోచ్‌బెర్గ్ బేస్ టన్నెల్ 2007లో వచ్చినప్పటి నుంచి రెండు గంటల ప్రయాణమే. బ్రిగ్‌లో దిగి స్టేషన్ బయటకి వస్తే ఎదురుగానే ఎర్ర రంగు చిన్న ట్రైన్ ఆగి ఉంటుంది, అది ఎక్కితే అరగంట లోపే కేబుల్ కార్ దగ్గరే దింపుతుంది. పైన మీ లగేజీ తీసుకెళ్ళే బండ్లు ఉంటాయి, ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి, ఎందుకంటే ఆ మంచులో చక్రాల సూట్‌కేస్ కదలదు. ఊళ్ళోవాళ్ళైతే కిరాణా సామాన్లూ చంటిపిల్లలూ అన్నీ చెక్క స్లెడ్జ్ (మంచు మీద జారే చక్రాల్లేని బండి) మీద పెట్టి తాడుతో లాక్కెళ్తుంటారు, మీరూ వెళ్ళగానే ఒకటి అద్దెకి తీసుకోండి, వారమంతా పనికొస్తుంది. పిల్లలకి స్విస్ రైల్వే వాళ్ళ (ఎస్‌బీబీ) జూనియర్ కార్డ్ లేకపోతే చేయించండి, ఏడాదికి 30 ఫ్రాంకులు, మీతో పాటు ఫ్రీగా తిరుగుతారు.

ఇక మీ అమ్మానాన్నల సంగతి, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. చాలామంది పెద్దవాళ్ళని తీసుకెళ్ళి, పిల్లలు స్లోప్ మీదకి వెళ్ళగానే వాళ్ళని ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చోబెడతారు, పాపం కిటికీలోంచి చూస్తూ రోజంతా గడపాలి. చిన్న ఊళ్ళో ఆ అవసరం లేదు, బేబీ స్లోప్ పక్కనే ఎండలో కూర్చుని మనవరాలు పడుతూ లేస్తూ ఉంటే చూడొచ్చు, కాసేపు నడవొచ్చు. నడిచేవాళ్ళకి గులాబీ రంగు బోర్డులతో వేరే దారులు ఉంటాయి, పిస్ట్ మీద మాత్రం నడవనివ్వకండి. 1697లో కట్టిన తెల్లటి చిన్న చాపెల్ (చర్చి లాంటిది) ఒకటి ఉంది, మరియా జుమ్ ష్నే అంటారు, అక్కడిదాకా నడక మా అత్తగారికి రోజూ ఉండాల్సిందే. గొండోలాలో (తాడు మీద వెళ్ళే చిన్న క్యాబిన్‌లో) బెట్మెర్‌హోర్న్ కొండ పైకి తీసుకెళ్ళండి, అక్కడ స్టేషన్ సుమారు 2650 మీటర్లు, అవతల వైపు కిందకి చూస్తే అలెచ్ హిమనదం, ఆల్ప్స్‌లోకెల్లా పెద్దది. ఇండియా నుంచి వచ్చేవాళ్ళందరూ యుంగ్‌ఫ్రావ్‌యోక్ దాకా వెళ్ళి చూసేది ఇదే హిమనదం పైభాగం, అది 3454 మీటర్లు, అక్కడ చాలామంది పెద్దవాళ్ళకి ఆయాసం వస్తుంది, ఇక్కడ దాని పొడవాటి వంపు మొత్తం కనిపిస్తుంది, జనం కూడా తక్కువ. అయినా బీపీ, గుండె మందులు వాడుతుంటే ఎత్తు గురించి విజయవాడలోనే డాక్టర్‌ని అడిగి రమ్మనండి.

బట్టల విషయంలో అమ్మగారికి చీర వద్దండి, కింద థర్మల్స్, పైన స్కీ ప్యాంటు, అంతే. మంకీ క్యాప్ అక్కడినుంచే తెచ్చుకుంటారు ఎలాగూ. బూట్ల కింద తగిలించుకునే స్పైక్స్ తప్పకుండా కొనండి, మధ్యాహ్నం కరిగిన మంచు సాయంత్రానికి గాజులా గట్టిపడుతుంది, పెద్దవాళ్ళు జారేది అప్పుడే.

స్కీలు, బూట్లు కొనకండి, అద్దెకే తీసుకోండి. బూటు అద్దెకి తీసుకునేటప్పుడు తొందరపడొద్దు, ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ పెడితే వారం మొత్తం సుఖంగా ఉంటారు. కాలు పెట్టాక మడమని నేలకేసి రెండుసార్లు గట్టిగా కొట్టాలి, నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్ళు ముందుకి వంచితే వేళ్ళు వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. సాక్స్ ఒక్క జతే, మోకాలి దాకా వచ్చేవి, చలేస్తుందని రెండు జతలు వేస్తే రక్తం ఆడక ఇంకా చలేస్తుంది. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు. మా పక్క ఫ్లాట్‌లో దిగినవాళ్ళ బాబు రెండో రోజు క్లాసుకి వెళ్ళనని ఒకటే ఏడుపు, బూటు విప్పి చూస్తే థర్మల్ మడత పడినచోట పిక్క ముందు ఎముక మీద ఎర్రగా గీత పడిపోయి ఉంది, మడత పైకి లాగి సరిచేస్తే వాడు మళ్ళీ నవ్వుతూ వెళ్ళిపోయాడు. షాపువాళ్ళు బరువు, ఎత్తు, వయసు అడుగుతారు, బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచేది) ఎంత బలానికి ఊడాలో దాన్నిబట్టే పెడతారు, కాబట్టి బరువు తగ్గించి చెప్పకండి, ఎక్కువా చెప్పకండి.

పిల్లలకి మీరే నేర్పుదాం అనుకోవద్దు. గ్రూప్ క్లాసులు మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉంటాయి, ఫిబ్రవరి సెలవులకి చాలా ముందే నిండిపోతాయి, కాబట్టి ఫ్లాట్ బుక్ చేసిన రోజే క్లాసు కూడా బుక్ చేసేయండి. ఫ్లాట్లు కూడా ఆ సీజన్‌లో ఎక్కువగా శనివారం నుంచి శనివారం లెక్కనే ఇస్తారు. మీ ఇద్దరు కూడా కనీసం పొద్దుటిపూట క్లాసు తీసుకోండి, మధ్యాహ్నం ఒకరు పిల్లలతో, ఒకరు అమ్మానాన్నలతో ఉండొచ్చు. స్కీ పాస్ (లిఫ్టుల టికెట్) మొత్తం వారానికి ముందే కొనేయకండి, మొదటి రోజుల్లో మీరు ఉండేది మ్యాజిక్ కార్పెట్ (కొత్తవాళ్ళని నిలబెట్టి వాలు పైకి తీసుకెళ్ళే బెల్ట్) దగ్గరే, దానికి ఏ టికెట్ సరిపోతుందో స్కూల్‌ని అడగండి. తర్వాత కాస్త ఆగడం, తిరగడం వచ్చాక అప్పుడు నీలం పిస్టులకి వెళ్ళండి. స్విట్జర్లాండ్‌లో ఫ్రాన్స్‌లోలాగా ఆకుపచ్చ పిస్టులు ఉండవు, నీలమే అన్నిటికంటే తేలిక. ముందు వెళ్తున్నవాళ్ళకే ఎప్పుడూ ప్రాధాన్యం, వెనకాల వచ్చేవాళ్ళే తప్పుకోవాలి, ఈ ఒక్క రూల్ పిల్లలకి బాగా ఎక్కించండి.

తిండికి ఇబ్బంది లేదు గానీ ఒక విషయం తెలుసుకుని వెళ్ళండి. ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళండి, అడుగు చదునుగా ఉన్నది, ఇండక్షన్‌కి పనికొచ్చేది. బియ్యం, పప్పు, పచ్చళ్ళు జూరిక్ నుంచే, పాలు పెరుగు కూరలు ఊళ్ళో సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి. బయట తింటే వెజ్ వాళ్ళకి రక్లెట్ (కరిగించిన చీజ్) ఉంది, అది పుట్టిందే వాలిస్‌లో, బంగాళాదుంపలతో ఇస్తారు, మా మామగారు పక్కన ఆవకాయ పెట్టుకుని మరీ తిన్నారు. ఫాండ్యూలో (బ్రెడ్ ముంచుకుని తినే కరిగిన చీజ్) వైన్ పోస్తారు, రోస్టీ (బంగాళాదుంప తురుము వేపుడు) మీద కొన్నిచోట్ల బేకన్ (పంది మాంసం) వేస్తారు, అమ్మానాన్నలకి అవి పడకపోతే ముందే అడగండి.

ఇన్సూరెన్స్ మాత్రం దయచేసి వాయిదా వేయొద్దు. ఉద్యోగం వారానికి 8 గంటలు దాటితే ఆఫీసు యాక్సిడెంట్ కవర్ మీకు స్కీ ప్రమాదాలకీ వర్తిస్తుంది. పిల్లలకి అది ఉండదు, వాళ్ళది హెల్త్ ఇన్సూరెన్స్ కిందకి వస్తుంది, బేసిక్ పాలసీ రెస్క్యూ ఖర్చులో సగమే ఇస్తుంది, అదీ ఏడాదికి 5000 ఫ్రాంకుల దాకానే, కాబట్టి అదనపు కవర్ ఉందో లేదో చూసుకోండి. అమ్మానాన్నల ట్రావెల్ పాలసీలో స్లెడ్జ్ కూడా కవర్ అవుతుందా లేదా చదవండి, వాళ్ళు ఎక్కకుండా ఉండరు. ఎమర్జెన్సీ నంబర్ 144 అందరి ఫోన్లలో పెట్టండి.

వాళ్ళ తిరుగు ఫ్లైట్ కిందకి దిగిన రోజే పెట్టకండి, గాలి ఎక్కువైతే కేబుల్ కార్లు ఆపేస్తారు, మధ్యలో కనీసం ఒక్క రోజు జూరిక్‌లో ఉండేలా చూసుకోండి. ఒకవేళ బెట్మెరాల్ప్‌లో ఫ్లాట్లు అయిపోతే పక్కనే రీడెరాల్ప్ చూడండి, అదీ కార్లు లేని ఊరే, అదే మెట్ట మీద ఉంటుంది, పిస్టులు కలిసే ఉంటాయి, ట్రైన్ మాత్రం మోరెల్‌లో దిగాలి. మీ సెలవులు ఏ వారమో, పెద్దవాళ్ళు ఎంత దూరం నడవగలరో చెప్తే ఊళ్ళో ఏ వైపు ఫ్లాట్ తీసుకుంటే మంచిదో రాస్తాను.