బైక్ గుద్దింది, రాజీకి 50 వేలు ఇస్తామంటున్నారు... తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 46 ఏళ్లు. గుంటూరులో ఇంటి దగ్గరే బ్లౌజులు కుట్టి నెలకు 12 వేలు సంపాదిస్తుంది. గత నెల రోడ్డు దాటుతుంటే బైక్ గుద్ది కుడికాలు విరిగింది. ఆపరేషన్‌కు 1,80,000 అయింది. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాం. గుద్దింది పక్క వీధి అబ్బాయే. జీబ్రా లేని చోట దాటింది కాబట్టి తప్పు అమ్మదేనని, అయినా 50 వేలు ఇస్తామని, కేసు వద్దని వాళ్ల నాన్న అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: సంతకం పెట్టకండి. 'ఇక మాకు ఎలాంటి క్లెయిమూ లేదు' అని రాజీ కాగితం రాసిచ్చారంటే, రేపు బీమా కంపెనీ లాయరు ముందుగా దాన్నే కోర్టులో చూపిస్తాడు.

తెలిసినవాళ్లే కదా అని మొహమాటపడుతున్నట్టున్నారు. బండికి ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం ఇచ్చేది ఆ అబ్బాయి కాదు, కంపెనీ. థర్డ్ పార్టీ బీమా ఉన్నదే ఇందుకు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, ప్రమాదం రోజుకు పాలసీ అమల్లో ఉందో లేదో ఈరోజే చూడండి. అబ్బాయికి లైసెన్సు లేకపోయినా, ముందు బాధితులకు చెల్లించి తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చాలా కేసుల్లో కంపెనీలకు చెప్పాయి. పాలసీయే లేకపోతే మాత్రం యజమాని సొంత జేబు నుంచి కట్టాలి. అప్పుడే వాళ్ల తాహతు చూసి రాజీ గురించి ఆలోచించాలి, అదీ 50 వేలకు కాదు.

ఇక తప్పెవరిది? జీబ్రా గీతలు ఎన్ని చోట్ల కనిపిస్తాయో మీకూ తెలుసు. గీత మీద దాటనంత మాత్రాన తప్పంతా అమ్మగారి మీద పడదు. ఆమె చూసుకోకుండా ఒక్కసారిగా అడ్డం వచ్చారని తేలితే ఆమె వంతు తప్పుకు తగ్గట్టు పరిహారం కోస్తారు, అంతే. పైగా పరిహారం కేసులో, క్రిమినల్ కేసులో అడిగినంత గట్టి రుజువు అక్కర్లేదు, ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తారు. ఎఫ్ఐఆర్ లేకపోతే వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, ఆస్పత్రిలో ఉన్నందున ఆలస్యమైందని అందులోనే రాయండి. పక్కన షాపుల్లో సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ చెరిగిపోకముందే అడగండి. ఒక్క అనుమానం: ఆస్పత్రిలో చేర్చేటప్పుడు పోలీసుల గొడవెందుకని 'మెట్ల మీద జారిపడింది' అని రాయించలేదు కదా? చాలామంది చేసే పొరపాటు ఇదే. కేస్ షీట్ కాపీ తెచ్చుకుని చదవండి.

ఇప్పుడు లెక్క. అమ్మగారు మిషన్ తొక్కేది ఆ కుడికాలితోనే అయితే లాయరుకు ముందు అదే చెప్పండి. డాక్టరు సర్టిఫికెట్‌లో ఎంత శాతం వైకల్యం రాశారన్నది ఒకటి, దానివల్ల ఆమె పని ఎంత పోయిందన్నది ఇంకొకటి. ప్రమాద పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్ చూడాల్సింది రెండోది. సంపాదనలో 15 శాతం పోయిందని ఒప్పుకున్నారనుకుందాం. ఏడాదికి 1,44,000లో 15 శాతం 21,600. ఆమె వయసుకు 13తో గుణిస్తారు: 2,80,800. ఆస్పత్రి బిల్లులు 1,80,000, నాలుగు నెలలు పని లేనందుకు 48,000 కలిపితే 5,08,800. అమ్మగారి తప్పు పావు వంతు ఉందని కోసినా 3,81,600 మిగులుతుంది. నొప్పి, బాధ, తోడున్న మనిషి ఖర్చు నేనింకా కలపలేదు.

పరిహారం కోసం వేసే ఈ పిటిషన్‌ను జిల్లా కోర్టులో ఎం.వి.ఓ.పి. అంటారు. అది వేయడానికి చట్టంలో గడువు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే, అంటే మీకు ఐదు నెలలే ఉంది. వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వాలనే లాయరు వద్దు, వాళ్ల నియమాలే దాన్ని ఒప్పుకోవు.

డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. లోక్ అదాలత్‌లో కంపెనీ మంచి మొత్తానికి దిగితే త్వరగా తేలుతుంది. ఈలోగా నెలకు 5,400 వడ్డీ కట్టడం నాకు నచ్చలేదు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఆ అప్పు తీర్చేయండి. పది శాతం వడ్డీ అనుకున్నా నెలకు 1,500 అవుతుంది. అమ్మగారు బ్లౌజుల కొలతలు, డబ్బులు రాసుకునే నోటుబుక్కు ఉంటుంది కదా, అది లాయరుకు ఇవ్వండి. 12 వేల సంపాదనకు మీ దగ్గరున్న మంచి సాక్ష్యం అదే.