హాపర్‌లోని పొడిని ముందు చూడు

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మాత్రలు అచ్చొత్తే యంత్రం వేగం పెంచగానే వాటి బరువు నిలకడ తప్పుతోందని రాశావు. బరువు సర్దుబాటు చక్రాన్ని తిప్పే ముందు హాపర్‌లోని, అంటే యంత్రం పైనుండే తొట్టిలోని, పొడిని చూడు. మాత్ర తయారయ్యే డై అనే ఆ చిన్న గుంట పొడిని తూచి తీసుకోదు, మన సోల, తవ్వల మాదిరిగా కొలిచి తీసుకుంటుంది. కనుక గుంట సరిగా నిండకపోతే బరువు తగ్గి తీరుతుంది.

45 స్టేషన్ల (అంటే అన్ని గుంటలున్న) యంత్రం నిమిషానికి 30 చుట్లు తిరుగుతోందనీ, గుంటల్లో పొడి నింపే ఫీడర్ ఆ చుట్టులో మూడో వంతు ఆక్రమించిందనీ అనుకుందాం. అప్పుడు ఒక్కో గుంట నిండడానికి దొరికేది 0.67 సెకను, 60 చుట్లకు పెంచితే 0.33 సెకను మాత్రమే. నిదానంగా నడిపినంతకాలం దాగిన పొడి మొండితనం వేగం పెరిగేసరికి బయటపడుతుంది.

పిండిమరకు వెళ్ళినప్పుడు చూసే ఉంటావు: తొట్టిలో పోసిన రాగులు వాటంతటవే జారిపోతాయి గానీ, అదే రాగిపిండిని పోస్తే మూతి దగ్గర కమానులా కట్టుకుని ఆగిపోతుంది. హాపర్‌లోనూ సన్నపొడి, తేమ ఎక్కువైతే ఇదే జరుగుతుంది. ఒక్కోసారి నడుమ బావిలా గుల్లపడి, అంచుల పొడి కదలనే కదలదు. నేను కొత్తలో ఇలాంటప్పుడు రబ్బరు సుత్తితో హాపర్‌ను తట్టేవాణ్ణి. ఆ అదురుకు సన్నపొడి, గుళికలు విడిపోయి, బ్యాచ్ చివర్లో బరువుతో పాటు మందు పాళ్ళు కూడా మారిపోవడంతో చివరి డ్రమ్ములన్నీ పక్కన పెట్టించారు. నాకు పడిన చీవాట్లు ఇక్కడ రాయను.

100 గ్రాముల పొడిని కొలజాడీలో వదులుగా పోసి చూడు. అది 200 మిల్లీలీటర్లు ఉండి, ఇక దిగనంతవరకు తట్టాక 160కి వస్తే కార్ సూచిక (ఎంత శాతం దిగిందో చెప్పేది) 20, హౌస్నర్ నిష్పత్తి (200ను 160తో భాగిస్తే వచ్చేది) 1.25, ఫరవాలేదనిపించే పొడి. సూచిక 25 దాటితే మాత్రం వేగం మీద ఆశ పెట్టుకోకుండా పొడిని గుళికలుగా చేసే గ్రాన్యులేషన్ వాళ్ళతో మాట్లాడు. కొద్దిపాటి ఏరోసిల్ (అతి సన్నని సిలికా పొడి) జారుడుకు సాయపడుతుంది. పొడి అచ్చుకు అంటకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్‌ను మాత్రం అతిగా కలపనివ్వకు; మాత్ర గట్టిదనం తగ్గుతుంది, కరగడమూ ఆలస్యమవుతుంది. హాపర్‌లో పొడి మట్టం ఒకే తీరుగా ఉంచు, ఫీడర్ రెక్కల వేగాన్ని యంత్రం వేగానికి తగ్గట్టు మార్చు.

ఈసారి హాపర్ నిండుగా ఉన్నప్పుడు 20, అడుగంటేటప్పుడు 20 మాత్రలు విడివిడిగా తూచి, ఆ అంకెలు నాకు పంపు.

మీ మామయ్య