ఆ కాలమ్‌లో 'లేదు' అని రాయకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కేంద్ర బలగాల్లో కానిస్టేబులుగా ఎంపికయ్యావని చెబుతూ మీ అమ్మ ఫోనులో ఏడ్చేసింది. వెంటనే గొంతు తగ్గించి, "జాతర గొడవ కేసు ఫారంలో రాయకపోతే ఏమవుతుంది అన్నయ్యా?" అని అడిగింది. లోక్ అదాలత్‌లో రాజీపడ్డాం కాబట్టి కేసు లేనట్టేనని ఆమె ధైర్యం. రిటైరయ్యే దాకా ఇలాంటి ఫారాలు పట్టుకుని ఊరూరా విచారణకు తిరిగినవాణ్ణి, అందుకే చెబుతున్నాను. రాయి. మొత్తం రాయి.

అటెస్టేషన్ ఫారం, అంటే నీ పూర్వాపరాల విచారణ కోసం నువ్వు నింపి ఇచ్చే కాగితం, నువ్వు తప్పు చేశావా అని అడగదు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు నడిచిందా, జరిమానా పడిందా, ఇప్పుడేదైనా పెండింగులో ఉందా అని విడివిడిగా అడుగుతుంది. నీవి పాత ఐపీసీలోని 341 (అడ్డగించడం), 323 (కొట్టడం) సెక్షన్లు, రాజీకి వీలైనవే. రాజీపడితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. అయినా కేసు నడిచింది కదా! స్టేషన్ బెయిలు మీద వదిలారు కాబట్టి అరెస్టుకూ 'అవును' అనే రాయాలి.

ఒక అబ్బాయి ఫారం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. అన్నిటికీ 'లేదు', 'లేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలు. స్టేషన్‌లో పాత రిజిస్టరు తిరగేస్తే నాలుగో నిందితుడిగా అతని పేరు. తోపులాట కేసు, అప్పటికే కొట్టేశారు. చూసింది చూసినట్టు రిపోర్టు రాయక తప్పలేదు. ట్రైనింగు మధ్యలోనే ఇంటికి పంపేశారు. వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా మెట్టు మీదే కూర్చున్నాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటా లేకపోయింది.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్పమైన కేసు దాచినా అధికారి తన విచక్షణతో ఉపేక్షించవచ్చంది. ఆ దయను నమ్ముకోవద్దు. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, పూర్వాపరాలు చూసుకునే హక్కు వాళ్ళకుందని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ సంగతి నీ దగ్గర దాచను. కానీ నిజం రాసినవాడికి వాదించుకోవడానికి ఒక దారి మిగులుతుంది.

సోమవారమే కోర్టులో కాపీ అప్లికేషను వేయి. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు కావాలి. క్రైం నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు, తేదీ అందులో ఉన్నట్టే దించు. చోటు చాలకపోతే విడి కాగితం జతచేయి. ఎవరు ముందు చేయి చేసుకున్నారన్న సంజాయిషీ మాత్రం అక్కడ వద్దు. స్టేషన్‌లో తాను చూసుకుంటానంటూ ఎవరైనా మధ్యవర్తి వస్తే గుమ్మం దాటనివ్వకు. ఫారం ఇచ్చాక కొత్తగా కేసు పడినా వెంటనే తెలియజేయాలి, కాబట్టి ఈసారి జాతరకు వెళ్ళకు.

కాపీలు అందగానే ఇక్కడికి రా. ముందు ఫారం జిరాక్సు మీద ఇద్దరం కూర్చుని నింపుదాం. అసలుది ఆ తర్వాతే.

మీ మామయ్య