ఫ్యూజు దగ్గర తొందరపడకు

బిడ్డా,

టెంపో ట్రావెలర్‌ను ఇల్లులా మార్పించి, కోడలినీ పాపనూ తీసుకుని లక్నవరం, బొగత, కాళేశ్వరం తిరుగుతావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. హన్మకొండలో కనబడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నా, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. టైర్లు, బ్రేకులు, గ్యాస్ పైపు నువ్వే చూసుకుంటావు. నా టెన్షనంతా ఆ బండిలో ట్యాంకు నుంచి కుళాయికి నీళ్లు తోసే పంపు గురించే.

అదెక్కడుందో బయలుదేరకముందే చూసుకో. మంచం కిందో, సింకు కిందో, ఎక్కువగా నీళ్ల ట్యాంకు దగ్గరే పెడతారు. కనబడకపోతే ఇంజన్ ఆపి, పంపు స్విచ్ వేసి, కోడలిని కుళాయి తిప్పమను. చప్పుడు వచ్చే చోట పలక విప్పు. ఆ పలకకు అడ్డంగా సామాన్లు సర్దకు.

కుళాయిలన్నీ మూసినా రాత్రి మధ్యమధ్యలో టకటకమంటే ఎక్కడో నీళ్లు కారుతున్నట్టు, లేదా పంపులోని వాల్వు నీళ్లను వెనక్కి వదులుతున్నట్టు. పంపు తిరుగుతున్నా నీళ్లు రాకపోతే ముందు ట్యాంకు చూడు, తర్వాత పంపు ముందుండే జాలీ కడుగు. కొత్త ట్యాంకుకు రంధ్రాలు వేసినప్పటి ప్లాస్టిక్ పొట్టు అక్కడే చేరుతుంది. ట్యాంకు నుంచి వచ్చే పైపు క్లిప్పు వదులైతే పంపు గాలి పీలుస్తుంది. అక్కడ చుక్క కారకపోవచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అసలు చప్పుడే లేకపోతే బ్యాటరీ, ఫ్యూజు, వైర్ల జాయింట్లు చూడు. స్విచ్ వేసి కుళాయి తిప్పినప్పుడు పంపు వైర్ల దగ్గర 12 వోల్టులు వస్తున్నా అది కదలకపోతే తప్పు పంపుదే. రాకపోతే దారిలో వైరుది.

ఇక ఫ్యూజు. మీ బాపు సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. నర్సంపేట దగ్గర మన బావి మోటరుకు, వరి పొట్ట మీదున్నప్పుడు, ఫ్యూజు మాటిమాటికీ పోయేది. విసుగొచ్చి వాడు రాగి తీగను నాలుగు పేటలు మెలేసి బిగించాడు. ఫ్యూజు మళ్లీ పోలేదు, మోటరే పోయింది. నేను వెళ్లేసరికి కాలిన వార్నిష్ వాసన గట్టు దాకా కొడుతోంది. విప్పి చూస్తే బేరింగ్ పట్టేసింది. మొదటిసారి ఫ్యూజు పోయినప్పుడే చూసి ఉంటే బేరింగ్ ఖర్చుతో పోయేది. వైండింగ్ అయ్యేసరికి కింది మడి ఎండిపోయింది. ఎంత తిట్టినా మారు మాట్లాడలేదు. నెర్రెలు బారిన మడిలో కాలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు. ఇప్పుడుంటే నీ బండి ముందు సీటు వాడిదే.

12 వోల్టులు షాక్ కొట్టదు పెద్దబాపూ అంటావు. షాక్ సంగతి కాదురా నేను చెప్పేది. పంపు ఇరుక్కుని కరెంటు ఎక్కువ లాగితే సన్న వైరు కాలుతుంది. చుట్టూ ప్లైవుడ్, మీద పరుపు, పరుపు మీద పాప. పంపు మీద ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేయమని రాసి ఉంటే అంతే వేయి. అదీ పోతే స్విచ్ ఆపి బిందెతో కానివ్వు, రెండు రోజులకు కొంప మునగదు.

ఆ వోల్టులు చూసుకోవడానికి నా మల్టీమీటరుకు కొత్త సెల్లు వేసి పెట్టా. ఆదివారం వచ్చి తీసుకుపో. పాపనూ తీసుకురా, మీ పెద్దమ్మ సకినాలు చేస్తోంది.

మీ పెద్దబాపు