కాళ్ల కింద ఆ మేకు దేనికి?

ప్రశ్న: మ్యూజియంలో జానెడు కూడా లేని ఈజిప్టు దేవుడు ఒసిరిస్ కంచు బొమ్మ చూశాను. పాదాల కింద మేకులాంటిది పొడుచుకొచ్చింది. విరిగిందా? ఒంటిమీద లేతాకుపచ్చ పొడి కూడా ఉంది. చింతపండుతో తోమితే పోదా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: విరగలేదండీ. అది దిమ్మెలో దిగేసే కాడ. ఈ రకం బొమ్మలు ఎక్కువగా క్రీ.పూ. 664–332 మధ్యవి. మైనపు బొమ్మ మీద మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోసేవారు. మన ఆదిలాబాద్ ఓజా కళాకారుల డోక్రా లోహపు బొమ్మల పనీ ఇదే పద్ధతి. కాకపోతే ఓజాలు లోపల మట్టి ముద్ద పెట్టి దానిమీద మైనపు తీగలు చుడతారు. ఇంత చిన్న ఒసిరిస్‌కు ఆ శ్రమ దండగ, అందుకే లోపల బోలు లేకుండా నిండుగా పోసేశారు. అచ్చును తలకిందులుగా నిలబెట్టి పాదాల వైపు నుంచి పోస్తే, ఆ దారిలో గడ్డకట్టిన లోహమే చాలా బొమ్మల్లో కాడగా మిగిలింది. చెక్క దిమ్మె చివికిపోయాక అదొక్కటే బయట కనిపిస్తుంది.

కంచులో సీసం కూడా కలిపేవారు. అప్పుడు కంచు తక్కువ వేడికే కరిగి, కిరీటం ఈకల గీతల్లోకి కూడా సాఫీగా పారుతుంది.

ఇవి గుడికి ఇచ్చిన మొక్కుబడులు. దేవుడి సొత్తు గనక పారేయడానికి లేదు, గుడి నిండితే ఆవరణలోనే పాతిపెట్టేవారు. ఈజిప్టులోని కర్ణాక్ గుడి ఆవరణలో 1903–1907 మధ్య ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త లెగ్రాన్ తవ్వించిన ఒక్క గుంటలోనే సుమారు 17,000 కంచు బొమ్మలు దొరికాయి!

ఇక ఆ పొడి. నేలలోని ఉప్పు రాగితో కలిసి క్లోరైడ్‌గా లోపల దాక్కుంటుంది. తేమ, గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం కొత్త లోహాన్ని తింటుంది, మళ్లీ క్లోరైడ్ తయారవుతుంది. పాత పచ్చటి పొర గట్టిగా అంటుకుని ఉంటే భయం లేదు. పొడిగా రాలి, కింద గుంట కనిపిస్తేనే జబ్బు.

చింతపండు మాత్రం వద్దే వద్దు. దాని పులుపు ఆ పచ్చటి పొరను కరిగిస్తుంది, చెక్కిన గీతలు చాలావరకు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. ఉప్పు కూడా కలిపి తోమితే జబ్బుకు మేత వేసినట్టే. మ్యూజియంలో మైక్రోస్కోప్ కింద సన్నకత్తితో పొడిని గీకి, రాగిని తినే ఆ జబ్బును అడ్డుకునే బెంజోట్రయజోల్ అనే రసాయనాన్ని ఆల్కహాల్‌లో 3 శాతం కలిపి, ఆ ద్రావణంలో నానబెట్టి, ఆరాక పారలాయిడ్ అనే పారదర్శకమైన లక్క పూస్తారు. తరవాత గాలిలో తేమ 40 శాతం దాటనివ్వరు.

ప్రశ్న: మా ఇంట్లో పాత కంచు విగ్రహానికీ అలాంటి పొడే వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: కడగొద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. గింజలు రంగు మారితే తీసి, వేడిచేసి తేమ పోగొట్టి, చల్లారాక మళ్లీ వేయండి. ఆ రసాయనాలు ఇంట్లో వాడేవి కావు, నిపుణులకే చూపించండి.