కేప్ యార్క్ దారిలో క్యాంపర్ ట్రైలర్: పిల్లలతో వెళ్లేవారు సామాను ఎలా సర్దుకోవాలి?

కూకట్‌పల్లి నుంచి ప్రశ్న అడిగిన సోదరికి నమస్కారం. జులైలో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ నగరంలో ఉన్న మీ అన్నయ్యగారింటికి వెళ్లి, అక్కడ కారు వెనుక క్యాంపర్ ట్రైలర్ (రాత్రి బసకు పనికొచ్చే చిన్న బండి) తగిలించుకుని, ఐదేళ్ల పాపతో, తొమ్మిదేళ్ల బాబుతో పద్దెనిమిది రోజుల్లో ఆ దేశపు ఈశాన్యాన ఉన్న కేప్ యార్క్ ద్వీపకల్పం ఉత్తర కొస దాకా వెళ్లి రావాలనుకుంటున్నామని, హైదరాబాద్ నుంచి ఏం తీసుకెళ్లాలో, అక్కడ ఏం కొనాలో, దేన్ని ఎక్కడ సర్దాలో చెప్పమని అడిగారు. మేము మల్కాజ్‌గిరిలో ఉంటాం. రెండేళ్ల క్రితం ఇదే నెలలో నేను, మావారు, మా ఇద్దరు పిల్లలు, అక్కడే స్థిరపడిన మా తమ్ముడు కలిసి ఈ దారిలోనే వెళ్లి వచ్చాం. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మేము రాసుకున్న జాబితాలో మరిచిపోయిన వస్తువు వల్ల కలిగిన ఇబ్బంది దాదాపు లేదు. మాకు కష్టం తెచ్చినవన్నీ వెంట తీసుకెళ్లి సరిగా కట్టని వస్తువులే. అందుకే ఏం తీసుకెళ్లాలన్న దానికంటే ఎలా కట్టాలన్న దాని గురించే నేను ఎక్కువ రాస్తాను.

ముందు దారి సంగతి తెలియాలి. కెయిర్న్స్ నుంచి కొస దాకా దాదాపు 1,000 కిలోమీటర్లు. మరీబా మీదుగా లేక్‌ల్యాండ్ వరకూ మంచి తారు రోడ్డు ఉంటుంది. లేక్‌ల్యాండ్ నుంచి వైపా వైపు వెళ్లే పెనిన్సులా డెవలప్‌మెంటల్ రోడ్డు మీద కొన్ని భాగాలకు తారు వేశారు, మిగిలినదంతా ఎర్రమట్టి. ఆర్చర్ రివర్ దాటాక కొస దగ్గరి ఊరైన బమాగాకు వెళ్లే దారి విడిపోయి మరింత గరుకుగా మారుతుంది. వాహనాలు తిరిగి తిరిగి ఆ మట్టి అడ్డంగా అలలు అలలుగా గట్టిపడుతుంది. దాన్ని అక్కడివారు కొరుగేషన్లు అంటారు. ఇంటి కప్పుకు వేసే రేకును నేల మీద పరిచి, దాని మీద గంటల తరబడి బండి నడిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. లోపల కూర్చున్న మనకు కారు సీటు, స్ప్రింగులు కొంత కాపు కాస్తాయి కానీ వెనుక ట్రైలర్‌లోని సామానుకు అంత కాపు ఉండదు.

మా పిల్లల కోసం అల్యూమినియం డబ్బాల్లోని శీతల పానీయాలు ఆరు కొని, అట్టపెట్టెలోనే ఉంచి ట్రైలర్‌లో పెట్టాను. రెండో రోజు సాయంత్రం దారిలోని మస్‌గ్రేవ్ అనే మజిలీ దగ్గర ఆగి తీసి చూస్తే, మూత తెరవకుండానే రెండు డబ్బాలు ఖాళీ అయి ఉన్నాయి. పక్క డబ్బాతో రాసుకున్న చోట రంగు పోయి వెండిలా మెరుస్తోంది, ఆ మెరుపు మధ్యలో సూదిమొన పట్టేంత రంధ్రం. పానీయమంతా కారి, కింద ఉన్న పరుపు అంచుకు పట్టి, దాని మీద దుమ్ము అంటుకుని బెల్లపు పాకంలా గట్టిపడింది. ఆవకాయ సీసా సంగతి ఇంకొకటి. కెయిర్న్స్‌లోని భారతీయ సరుకుల దుకాణంలో కొన్న ఆ గాజు సీసాను తువ్వాలులో చుట్టి పెట్టాను కాబట్టి సీసా పగలలేదు. అయితే ఆ కుదుపుకు మూత తనంతట తానే మర తిరిగి ఊడింది. నూనె తువ్వాలు దాటి బియ్యం సంచి దాకా వెళ్లింది.

ఆ రాత్రి మేము సామానంతా దించి మళ్లీ సర్దుకున్నాం. లోహం లోహాన్ని తాకకూడదని, గాజు గాజును తాకకూడదని, ప్రతి డబ్బాకూ మధ్య పాత చీర ముక్కో, పాత సాక్సో ఉండాలని అప్పుడు నేర్చుకున్నాం. పచ్చళ్లు, నూనె, చింతపండు గుజ్జు వంటివి ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చి, మూత కింద పలుచని ప్లాస్టిక్ కాగితం వేసి, మూత మీద టేపు చుట్టి, అన్నిటినీ కలిపి ఒక బకెట్‌లో నిలబెట్టాం. ఒలికినా బకెట్‌లోనే ఉంటుంది. ఆ తరువాత పదహారు రోజుల్లో ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. ఇక్కడి నుంచి మీరు తప్పక తీసుకెళ్లవలసినవి బేగంబజారులో దొరికే, క్లిప్పుతో మూత బిగిసే స్టీలు డబ్బాలు. పప్పులకు, రవ్వకు వాటిని మించినవి లేవు. అయితే వాటి మధ్య గుడ్డ పెట్టడం మాత్రం మరవకండి.

పెట్టెలో ఖాళీ జాగా మిగిలితే వస్తువులు ఎగిరిపడతాయి. ఖాళీలన్నిటినీ బట్టలతో, దుప్పట్లతో కూరాలి. దుమ్ము పిండిలా మెత్తగా ఉండి, జిప్పుల సందుల్లోంచి కూడా చొరబడుతుంది కాబట్టి, పరుపులు, దుప్పట్లు చెత్తకు వాడే మందపాటి సంచుల్లో పెట్టి మూతి కట్టాలి. బట్టలు రోజుకొక జత చొప్పున జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచుల్లో సర్దితే, పిల్లలకు రోజూ ఒక సంచి తీసి ఇస్తే చాలు.

బరువు విషయంలో మేము కెయిర్న్స్‌లోనే జాగ్రత్త పడ్డాం. ట్రైలర్‌కు బిగించిన పలక మీద టేర్ అని ఖాళీ బరువు, ఏటీఎమ్ అని సామానుతో సహా ఉండదగిన గరిష్ఠ బరువు రాసి ఉంటాయి. ఆ రెంటి తేడాయే మీ సామానుకు మిగిలే బరువు. మా ట్రైలర్‌కు అది 400 కిలోలే. వినడానికి చాలా అనిపిస్తుంది కానీ, లీటరు నీరు ఒక కిలో కాబట్టి, 100 లీటర్ల ట్యాంకు నింపగానే పావు వంతు పోయింది. గ్యాస్ సిలిండర్లు, ఫ్రిజ్, అదనపు చక్రం చేరాక బట్టలకు, వంటసామానుకు మిగిలింది కొద్దే. ఇక్కడ ధర్మకాంటా అంటామే, అలాంటి చోట సామానుతో సహా తూకం వేయించాక, నేను తెచ్చిన పెద్ద ప్రెషర్ కుక్కర్‌నూ రెండు మడత కుర్చీలనూ తమ్ముడి ఇంట్లోనే వదిలేశాం. మూడు లీటర్ల కుక్కర్ ఐదుగురికి సరిపోయింది. బరువైనవి చక్రాల ఇరుసు మీదికి వచ్చేలా, నేలకు దగ్గరగా పెట్టాలి. వెనుక కొసన బరువు ఎక్కువైతే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. కారు కొక్కెం మీద ట్రైలర్ మొత్తం బరువులో దాదాపు పదో వంతు పడేలా చూసుకోమని తమ్ముడు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు.

నీళ్లన్నీ ట్యాంకులోనే ఉంచవద్దు. రాయి తగిలి ట్యాంకు చిల్లుపడితే పిల్లలతో ఆ ఎండలో ఏం చేస్తాం? మేము ఇరవై లీటర్ల క్యాన్లు రెండు కారులో విడిగా పెట్టాం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు ఐదారు లీటర్లు పట్టింది. నీళ్లు చాలినన్ని ఉండడం మరో కారణంగా కూడా ముఖ్యం. అక్కడి నదుల్లో, మడుగుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, పేరు ఉప్పునీటిదైనా అవి మంచినీటిలో కూడా లోపలికి చాలా దూరం వస్తాయి. గిన్నెలు కడగడానికి ఏటి ఒడ్డుకు వెళ్లే అవసరమే రాకూడదు. నీటి అంచుకు కనీసం 50 మీటర్ల దూరంలో బస చేయాలని క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్ర ప్రభుత్వం చెబుతుంది. మీ ఐదేళ్ల పాప విషయంలో దీన్ని దయచేసి అక్షరాలా పాటించండి. మేము రోజూ దిగగానే ఒక తాడు పరిచి, పిల్లలు దాన్ని దాటకూడదని నియమం పెట్టాం.

తినే వస్తువులు హైదరాబాద్ నుంచి మోసుకెళ్లవద్దని నా సలహా. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు తినే వస్తువు ఏదున్నా ముందే తెలియజేయాలి, లేకపోతే జరిమానా పడుతుంది. తెలియజేసినా పాల మిఠాయిలు, గింజలు, పచ్చి ఆకులు వంటివి తీసివేసే అవకాశం ఎక్కువ. కందిపప్పు, బియ్యం, ఉప్మా రవ్వ, మసాలాలు కెయిర్న్స్‌లో దొరుకుతాయి. కందిపొడి, పులిహోర పులుసు, వేయించిన రవ్వ తమ్ముడి వంటింట్లో రెండు రోజులు కూర్చుని చేసుకున్నాం. దారిలో రోడ్‌హౌస్‌లలో (దారి పక్కన పెట్రోలు, తిండి దొరికే మజిలీలు) రొట్టె, పాలు దొరుకుతాయి కానీ ధర చాలా ఎక్కువ, బమాగా చేరేదాకా పెద్ద దుకాణం ఉండదు. పిల్లలు అలసిపోయి కూర్చున్న సాయంత్రాల్లో పావుగంటలో వేడి అన్నం, కందిపొడి, నెయ్యి పెట్టగలగడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. ఆ డబ్బాను అన్నిటికంటే పైన, చేతికి అందేలా ఉంచుకోండి.

బట్టల గురించి పెద్దగా చెప్పేది లేదు. పగలు వేడిగానే ఉంటుంది, కానీ మొదటి రాత్రి మరీబా వైపు ఎత్తు ప్రాంతంలో బస చేస్తే చలి వేస్తుంది కాబట్టి మనిషికొక స్వెట్టరు చాలు. నుసమల వంటి చిన్న పురుగులు సముద్రం ఒడ్డున సాయంత్రం విపరీతంగా కుడతాయి. పొడవు చేతుల పలుచని చొక్కాలు, పురుగులు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునే, డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న మందు తప్పనిసరి.

మందుల పెట్టె ట్రైలర్‌లో కాదు, కారులో మీ కాళ్ల దగ్గర ఉండాలి. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దురద మాత్రలతో పాటు, వెడల్పాటి సాగే బ్యాండేజీలు కనీసం మూడు కొనండి. పాము కరిస్తే కాటును కడగకుండా, కోయకుండా, కరిచిన చేతికో కాలికో మొత్తం ఆ బ్యాండేజీ గట్టిగా చుట్టి, కదలకుండా కట్టి, సాయం కోసం పిలవడం అక్కడ నేర్పే పద్ధతి. బాక్స్ జెల్లీఫిష్ కుట్టినప్పుడు పోయడానికి ఒక వినెగార్ సీసా కూడా ఉండాలి. 1928 నుంచి పనిచేస్తున్న రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానాలు ఆ మారుమూలకూ వస్తాయి, కానీ మనం వారికి కబురు చేయగలగాలి. చాలా చోట్ల ఫోన్ పలకదు. ఉన్నంతలో టెల్‌స్ట్రా అనే అక్కడి ఫోన్ కంపెనీ సిమ్ మేలు. దానితో పాటు ఒక శాటిలైట్ ఫోన్ అద్దెకు తీసుకోండి, ఆపదలో నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద మన స్థానం తెలిపే చిన్న బీకన్ కూడా దగ్గర పెట్టుకోండి. ఎదురయ్యే లారీలతో మాట్లాడటానికి కారులో యూహెచ్ఎఫ్ రేడియో ఉంటే 40వ ఛానెల్ పెట్టుకోవచ్చు.

పనిముట్ల వ్యవహారం మీ అన్నయ్యగారికి వదిలేయండి. అయితే రెండు ప్రశ్నలు అడగండి: ట్రైలర్‌కూ కారుకూ ఒకే కొలత చక్రాలు పడతాయా? ట్రైలర్ చక్రాల బేరింగులు అదనంగా ఒక జత ఉన్నాయా? మేము మట్టి రోడ్డులో టైర్ల గాలి 28 పీఎస్ఐకి తగ్గించి నిదానంగా వెళ్లాం, కాబట్టి పంక్చరు ఒక్కటే అయింది. గాలి తగ్గించాక సామాను కుదుపు కూడా తగ్గినట్టు స్పష్టంగా తెలిసింది. తారు రోడ్డు ఎక్కగానే తిరిగి నింపుకోవడానికి కంప్రెసర్ ఉండాలి. అద్దె ట్రైలర్ అయితే పాత టెలిగ్రాఫ్ ట్రాక్ అనే కఠినమైన దారి మీదికి తీసుకెళ్లడానికి అనుమతి ఉందో లేదో ఒప్పందంలో ముందే చదవండి.

రిన్యిర్రు జాతీయ వనంలో ఆగదలిస్తే బస అనుమతి కెయిర్న్స్‌లో ఉండగానే తీసుకోండి, అక్కడికి వెళ్లాక ఫోన్ పనిచేయదు. జార్డిన్ నది దాటించే బల్లకట్టు పగటి వేళల్లోనే నడుస్తుంది. తిరుగు ప్రయాణంలో కోయెన్‌కు ఉత్తరాన తనిఖీ కేంద్రం వస్తుంది. తెగుళ్లు దక్షిణానికి పాకకుండా మామిడి వంటి కొన్ని పళ్లను, మొక్కలను అక్కడ దాటనివ్వరు. మేము కొస దగ్గరి సీసియా ఊళ్లో కొన్న పళ్లు మూడు మిగిలితే, తనిఖీకి అరగంట ముందు చెట్టు నీడన ఆగి పిల్లలకు కోసి పెట్టేశాం. మీ ట్రైలర్ మడత గుడారం రకమో, గట్టి కప్పు రకమో తెలిపితే, ఏ అరలో ఏది పెట్టాలో కూడా రాస్తాను.