మీటరు తప్పు చూపితే మావాడు తట్టుకోగలడా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. రెండెకరాల రొయ్యల చెరువు ఉంది. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు, పైలట్ అవుతానంటున్నాడు. టేకాఫ్‌లో వేగం చూపే మీటర్లు పనిచేయకపోయినా సిబ్బంది విమానాన్ని క్షేమంగా దింపిన వీడియో ఒకటి చూసినప్పటి నుంచి మా ఆవిడకు నిద్ర లేదు. మావాడు మెతక. గేటు గడియ కూడా రెండుసార్లు చూసుకుంటాడు. వీడివల్ల అవుతుందా? పైలట్, విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్, ఏటీసీ (నేల మీద నుంచి విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగం): వీటిలో ఏది మేలు?

జవాబు: ‘మావాడికి ధైర్యం చాలదేమో’ అని అడిగే తండ్రులను చాలామందిని చూశానండి. అడగలేక మింగేసే ప్రశ్న ఇంకొకటి ఉంటుంది: చెరువు అమ్మి చదివించాక వాడు నిలబడకపోతే? ఆ భయం న్యాయమైనదే. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ ఆవిడ నిద్ర సంగతి.

2018 జులైలో బ్రిస్బేన్ నుంచి కౌలాలంపూర్ బయల్దేరిన మలేసియా ఎయిర్‌లైన్స్ ఏ330 విమానానికి సరిగ్గా ఇదే జరిగింది. గాలి ఒత్తిడిని బట్టి వేగం చెప్పే పిటో గొట్టాల్లో కందిరీగలు గూడు పెట్టకుండా తొడుగులు వేస్తారు. ఆ రాత్రి అవి తీయకుండానే విమానం కదిలింది. సిబ్బందికి తేడా అర్థమయ్యేసరికి రన్‌వే మీద ఆగే వీలు దాటిపోయింది. పైకి లేచారు. ముక్కు ఎంత ఎత్తి ఉంచాలి, ఇంజిన్లకు ఎంత పవర్ ఇవ్వాలి అనే లెక్కల మీద విమానాన్ని అదుపులో ఉంచి, సుమారు గంట తర్వాత అదే ఊళ్లో దించారు. ఎవరికీ ఏమీ కాలేదు.

అర్ధరాత్రి గట్టు మీద డీవో మీటరు (నీటిలో ఆక్సిజన్ కొలిచేది) నమ్మలేని అంకె చూపితే మీరేం చేస్తారు? టార్చి వేసి రొయ్య పైకి తేలిందేమో చూస్తారు. పక్క చెరువాయన మీటరు తెచ్చి సరిచూస్తారు. ఈలోగా నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆపరు. కాక్‌పిట్‌లో చేసేదీ అలాంటిదే. ఇద్దరి ముందూ విడివిడిగా మీటర్లు ఉంటాయి. రన్‌వే మీద 80 లేదా 100 నాట్ల (విమాన వేగానికి కొలమానం) దగ్గర ఒకరు వేగం పైకి చదివితే, రెండోవారు తమ మీటరుతో పోల్చి చూడాలి. మీటర్లు చెడిపోతే ఏం చేయాలో సిమ్యులేటర్‌లో సాధన చేయిస్తారు. కాబట్టి గడియ రెండుసార్లు చూసుకోవడాన్ని లోపం అనకండి. ఆ అలవాటు ఉన్నవాడే అక్కడ కావాలి.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో బిర్జెన్ ఎయిర్ సంస్థ బోయింగ్ 757 విమానం టేకాఫ్ పరుగులో ఉండగానే కెప్టెన్ తన వేగం మీటరు పనిచేయడం లేదని గమనించాడు. అయినా ఆపలేదు. కోపైలట్ మీటరు సరిగ్గానే చూపుతోంది. పక్కవాళ్లు ప్రమాదాన్ని గుర్తించినా గట్టిగా అడ్డుకోలేకపోయారు. విమానం కూలి 189 మంది పోయారు. పెద్దవాడు పొరబడితే చిన్నవాడు నోరు తెరిచి చెప్పాలని పైలట్లకు ప్రత్యేకంగా నేర్పేది ఇలాంటి అనుభవాల వల్లే.

ఇప్పుడు మీ ఉత్తరం మళ్లీ చదవండి. అందులో మీవాడి మాట ఒక్కటైనా ఉందా? పైలట్ ఎందుకు అవ్వాలనుకుంటున్నాడో మీరు అడిగారా? నా ఎదుట కూర్చున్న అబ్బాయిని ప్రశ్న వేస్తే తండ్రి జవాబు చెప్పడం నాకు రోజూ కనిపించేదే. ఇంట్లో ‘నాన్నా, అది తప్పు’ అనలేని పిల్లవాడు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్‌తో ‘సార్, మీ మీటరు తప్పు’ అని ఎలా అంటాడండీ? మెతక అని పేరు పెట్టడం మానేయండి. కటువుగా ఉందని తెలుసు. అయినా చెప్పక తప్పదు.

ఇక డబ్బు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. శిక్షణ సంస్థల ప్రకటనలు ఈ అంకెలనే చూపిస్తాయి. ఆ విమానాలు వచ్చేది ఏళ్ల తరబడి. పైగా కంపెనీలు వెతికేది ముందు కెప్టెన్లను. 200 గంటలు ఎగిరి లైసెన్సు చేతికొచ్చిన కుర్రాళ్లు ఉద్యోగం కోసం నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఎదురుచూడటం నేను చూశాను. శిక్షణకు అర కోటి దాటుతుంది. ఎయిర్‌బస్‌కో బోయింగ్‌కో టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు విడిగా పొందే అర్హత) అంటే మళ్లీ లక్షలు. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అనేవాళ్లను కాగితం మీద రాసిమ్మనండి. ఉన్న చెరువు మొత్తం అమ్మి ఈ దారి పట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. సగం లోన్, సగం సొంతం అన్నా, ఉద్యోగం రాని రెండేళ్లు వాయిదాలు కట్టగలమా అని లెక్క వేశాకే.

మిగతా రెండూ ఖర్చు తక్కువ దారులు. ఏటీసీకి బీటెక్ గానీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ చేసి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాయవచ్చు. మీవాడి స్వభావానికి అది బాగా సరిపోతుంది. మెయింటెనెన్స్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు వచ్చేదాకా ఓపిక పట్టాలి. పైన చెప్పిన తొడుగులు తీశారో లేదో చూసే బాధ్యత అలాంటివాళ్లదే కనుక, చిన్నచూపు చూడకండి.

ఏ సంస్థకూ రూపాయి కట్టకముందు డీజీసీఏ క్లాస్ 2, ఆపైన క్లాస్ 1 మెడికల్ చేయించండి. ఫీజులు కట్టాక కంటి లోపం బయటపడిన పిల్లలున్నారు. ఈలోగా ఓ సాయంత్రం చెరువు లెక్కల పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ మీవాడి ముందు పెట్టండి. మీ ఆవిడనూ కూర్చోబెట్టండి. వాడు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అందుకోకండి. మెడికల్ రిపోర్టు వచ్చాక తర్వాతి ఉత్తరం నాకు వాడే రాయాలి.